ప్రాథమిక పాఠశాల పిల్లల చేత సేవాకార్యం: విరాళాల డబ్బాతో మొదలుపెట్టవద్దు

టీచరు గారికి నమస్కారం.

మీ ప్రశ్న సారాంశం ఇది. మీది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. పిల్లల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీల ఇళ్ళ నుంచి వస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు మీ పక్క ఊరిలోని ఒక ప్రైవేటు పాఠశాల పిల్లలు విరాళం పోగుచేసి చెక్కు అందజేశారు. అప్పటి నుంచి మీ బడిలో కూడా అటువంటిదేదైనా చేయించాలని మీ కోరిక. అయితే తమకే లేని పిల్లలను ఇతరులకు ఇమ్మని అడగడం న్యాయమేనా అన్న సందేహం మిమ్మల్ని వెనక్కు లాగుతోంది. అడగడం న్యాయమేనని, అడిగి తీరాలని నా అభిప్రాయం. అయితే అడగవలసినది డబ్బు కాదు. ఉద్యోగ జీవితమంతా ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లల మధ్య గడిపిన అనుభవంతో, ఎందుకు అలా అంటున్నానో, దానికి బదులు ఏం చేయవచ్చో వివరంగా రాస్తున్నాను.

ఏడెనిమిదేళ్ళ పిల్ల దగ్గర తనదంటూ డబ్బు ఉండదు. బడిలో విరాళం అడిగారని ఇంట్లో చెబుతుంది, తండ్రి జేబులోంచి పది రూపాయలు తీసి ఇస్తాడు, ఆ నోటు మరునాడు మన చేతికి వస్తుంది. ఇవ్వాలన్న నిర్ణయం ఆ పిల్లది కాదు, అందులో కష్టం ఆ పిల్లది కాదు, ఆ పది రూపాయలు చివరికి ఎవరికి ఏ విధంగా ఉపయోగపడ్డాయో ఆ పిల్లకు ఎన్నటికీ తెలియదు. మన తరం ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు. డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవానికి జెండా టికెట్లు, అక్టోబరు 2 నుంచి క్షయ నివారణ టికెట్లు కట్టలుగా బడికి రావడం మీరూ చూసే ఉంటారు. ఆశయాలు రెండూ గొప్పవే, మాజీ సైనికుల కుటుంబాలకూ క్షయ రోగులకూ ఆ డబ్బు అవసరమే. కానీ తరగతికి ఇన్ని అని పంచేసిన తరువాత, అమ్ముడుపోని టికెట్టును తిరిగి టీచరుకు ఎలా అప్పజెప్పాలన్న బెంగ తప్ప చిన్న తరగతుల పిల్లలకు మిగిలేది పెద్దగా ఉండదు.

డబ్బుతో మొదలుపెడితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. తెచ్చినవారు, తేనివారు అని తరగతి రెండుగా చీలుతుంది. తేలేని పిల్ల ఆ రోజు బడికే రాదు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఎవరెంత ఇచ్చారో ప్రార్థన సమయంలో చదవడం, ఇవ్వనివారిని లేపి నిలబెట్టడం నా దృష్టిలో ఆ వేధింపు కిందికే వస్తాయి, ఆశయం ఎంత మంచిదైనా సరే.

మీ సందేహంలోని రెండో భాగం నాకు మరింత ముఖ్యమైనదిగా తోచింది. మన బడుల పిల్లలకు తీసుకునే అనుభవం చాలానే ఉంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎవరో ఒక దాత బ్యాగులో పలకలో పంచుతారు. పిల్లలను వరుసగా నిలబెడతారు, అందుకున్న వస్తువును ఫోటో కోసం గుండెలకు ఆనించి పట్టుకోమంటారు, చప్పట్లు కొట్టమంటారు. దాతల మంచితనాన్ని నేను తప్పుపట్టడం లేదు, వారి వల్ల ఎన్నో బడులు నిలబడ్డాయి. కానీ ఆరేళ్ళ నుంచి పదేళ్ళ దాకా వరుసలో నిలబడి తీసుకోవడం ఒక్కటే తెలిసిన పిల్ల, తాను ఎవరికైనా ఏమైనా చేయగలనన్న ఊహకు దూరంగానే పెరుగుతుంది. ఇచ్చే వైపు కూడా నిలబడే అవకాశం అందరికంటే ఎక్కువ అవసరమైనది ఈ పిల్లలకే. ‘పేద పిల్లలు కదా, వారిని ఏమి అడుగుతాం’ అని జాలిపడి వదిలేస్తే ఆ అవకాశాన్ని మనమే తీసేసినవాళ్ళం అవుతాం.

ఇక ఎలా అన్న విషయానికి వస్తాను. ఏ పని చేయాలో మీరు నిర్ణయించి పిల్లలకు చెప్పకండి. శనివారం బాలసభలో ఒకే ఒక ప్రశ్న అడగండి: ‘మన బడి చుట్టుపక్కల ఎవరికి కష్టంగా ఉంది?’ మనుషులే కానక్కరలేదని, పశువులైనా పక్షులైనా చెట్లైనా సరేనని కూడా చెప్పండి. మొదట కాసేపు నిశ్శబ్దం ఉంటుంది. తరువాత పాఠంలో చదివినవి, టీవీలో చూసినవి చెబుతారు, అవన్నీ విని ఊరుకోండి. ఆ పైన తాము కళ్ళతో చూసినవి ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. మా పెద్దపల్లి ప్రాంతపు బడి ఒకదానిలో నాలుగు, అయిదు తరగతుల పిల్లలు చెప్పినవాటిలో మూడు చివరికి నిలిచాయి. బోరింగు దగ్గర కాలు విరిగిన కుక్కపిల్ల ఉంది. వంట చేసే అవ్వ పొయ్యి దగ్గర పొగకు కళ్ళు నులుముకుంటూ ఉంటుంది. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు మట్టిలో పుల్లలతో గీసుకుంటూ ఉంటారు, వాళ్ళకు రాసుకోవడానికి ఏమీ లేదు.

ఎంపికకు చేతులెత్తించడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే తరగతిలో గట్టిగా మాట్లాడే పిల్లవాడు ఎటు చేయి ఎత్తితే మిగతా చేతులు అటే లేస్తాయి. మధ్యాహ్న భోజనం పళ్ళేలు మూడు తెచ్చి గది మూలన గోడ చాటున పెట్టి, ఒక్కో పళ్ళెం పక్కన గుర్తుగా ఒక బొమ్మ గీసిన కాగితం ఉంచి, ప్రతి పిల్లకూ ఒక చింతగింజ ఇచ్చాము. ఒక్కొక్కరే వెళ్ళి తమకు నచ్చిన పళ్ళెంలో గింజ వేసి వచ్చారు. లెక్కపెట్టింది కూడా పిల్లలే. బట్టీ పిల్లల పళ్ళెం గెలిచింది. కుక్కపిల్ల పక్షం వారు అలిగారు, అలిగినవారు ఆ కుక్కపిల్లకు తమ అన్నంలోంచి తామే రోజూ పెట్టడం మొదలుపెట్టారు, దాన్ని నేను ఆపలేదు. వంట అవ్వ సంగతి పిల్లల స్థాయి పని కాదు కాబట్టి దాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టాము. పిల్లలు గుర్తించిన కష్టాల్లో ఏది వారు చేయగలిగేది, ఏది పెద్దలు చేయవలసింది అని వేరుచేసి చెప్పడం ఉపాధ్యాయుల బాధ్యత. వారు చెప్పినదాన్ని మనం పట్టించుకున్నామని వారికి తెలిస్తే తరువాతి బాలసభలో ఇంకా ఎక్కువ చెబుతారు.

బట్టీ పిల్లలకు ఏమివ్వాలన్నప్పుడు మావాళ్ళు మొదట అన్నది బిస్కెట్లు, పాత బట్టలు. ఎవరికి ఇవ్వదలచామో వారిని అడగకుండా ఏదీ తీసుకువెళ్ళకూడదన్నది నేను ఎప్పుడూ పాటించే నియమం. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని బట్టీ దగ్గరి వర్క్‌సైట్ బడికి, అంటే వలస కూలీల పిల్లల కోసం పని చోటే నడిపే బడికి, వెళ్ళాము. అక్కడ చదువు చెప్పే అమ్మాయి, రాసుకునే పుస్తకాలు నెల తిరగకుండానే అయిపోతున్నాయని చెప్పింది. వెంట వచ్చిన ఇద్దరూ ఆ మాట తరగతికి మోసుకొచ్చారు. మన పిల్లల ఇళ్ళలో పోయిన ఏడాది నోటు పుస్తకాలు అటక మీదో, పాత సామాన్లవాడి కోసం గోనెసంచిలోనో ఉంటాయి, వాటిలో చివరి పేజీలు తెల్లగానే మిగిలి ఉంటాయి. వాటిని తెచ్చి, రాయని జంట కాగితాలు విడదీసి, కొత్త పుస్తకాలు కుట్టాలన్నది పిల్లల ఆలోచనే. జంట కాగితం ఒకటి నాలుగు పేజీలు, పన్నెండు జంటలు కలిపితే 48 పేజీల పుస్తకం. అయిదో తరగతికి ఆ వారం గుణకారాలు, భాగహారాలు వేరుగా చెప్పవలసిన అవసరం రాలేదు. గీతల కాగితాలు ఒక కుప్ప, గళ్ళ కాగితాలు ఒక కుప్ప వేయడం మూడో తరగతి పని. దబ్బనంతో రంధ్రాలు పెద్దవాళ్ళమే వేశాము, పురికొసతో కుట్టింది మాత్రం పిల్లలు. అట్టలకు పాత క్యాలెండర్ కాగితాలు వాడారు. ఒకటి, రెండు తరగతులవారు ఆ అట్టల మీద చేపలనూ సూర్యుళ్ళనూ గీశారు.

నాలుగో తరగతి పిల్ల ఒకతె తాను కుట్టిన పుస్తకం మొదటి పేజీలో తన పేరు రాసింది. పక్కనున్న పిల్ల చూసి, ‘నీ పేరుంటే అది నీ పుస్తకమే అవుతుంది, వాళ్ళదెట్లయితది?’ అన్నది. దాని మీద తరగతిలో చాలాసేపు వాదన నడిచింది. ఎవరు ఇచ్చారో వారికి తెలియవద్దా అని కొందరు, తెలిస్తే ఏమొస్తుందని కొందరు. చివరికి మొదటి పేజీలో ‘పేరు’ అన్న మాట కూడా లేకుండా ఒక గీత మాత్రం గీసి వదిలేశారు, ఎవరి భాషలో వాళ్ళు రాసుకోవచ్చునని. దానం గురించి నేను ఎన్ని పీరియడ్లు పాఠం చెప్పినా అంత దూరం తీసుకువెళ్ళగలిగేదాన్ని కానని నాకు గట్టిగా తెలుసు. పుస్తకాలు ఇవ్వడానికి వెళ్ళిన రోజు ఉపన్యాసాలేవీ పెట్టలేదు. రెండు బడుల పిల్లలూ కలిసి కూర్చుని బొమ్మలు గీసుకున్నారు, మావాళ్ళు ఒడియాలో ఒకటి నుంచి పది దాకా నేర్చుకుని వచ్చారు.

మీ ఊరి దగ్గర ఇటుక బట్టీలు ఉండకపోవచ్చు. పని ఏదైనా కావచ్చు, అది పిల్లల చేతులతో చేయగలిగినదై ఉండాలి, రెండు మూడు వారాల్లో ఫలితం కనబడేదై ఉండాలి, బడికి నడిచి వెళ్ళే దూరంలో ఉంటే మరీ మంచిది. ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చిలో పక్షులకు నీళ్ళ మూకుళ్ళు పెట్టడం ఒకటి, రెండు తరగతులకు చక్కగా సరిపోతుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మొదటి వారం పిల్లలు పోటీపడి నీళ్ళు పోస్తారు, రెండో వారానికి మూకుళ్ళు ఎండిపోతాయి. అందుకని ఏ రోజు ఎవరి వంతో గోడ మీద రాసి ఉంచాలి, సెలవు రోజుల్లో ఎవరు పోస్తారో ముందే తేల్చాలి. సగంలో వదిలేసిన పనికంటే మొదలుపెట్టని పని నయం, ఎందుకంటే వదిలేయడం కూడా పిల్లలు నేర్చుకుంటారు. బడి తోటలో పెంచిన తోటకూర, పాలకూరలో కొంత ఊరిలో ఒంటరిగా ఉండే వృద్ధులకు ఇచ్చిరావడం మూడు నుంచి అయిదు తరగతులకు బాగుంటుంది.

వయసు తేడా గమనించాలి. ఆరేళ్ళ పిల్లకు కంటి ఎదుట ఉన్నదే అర్థమవుతుంది. ‘ప్రపంచంలో ఎందరో అన్నం లేక బాధపడుతున్నారు’ అంటే భయపడుతుంది తప్ప పని చేయదు. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి న్యాయం, అన్యాయం అన్న ఆలోచన బలంగా ఉంటుంది. అహ్మదాబాద్‌లోని రివర్‌సైడ్ స్కూల్ స్థాపకురాలు కిరణ్ బీర్ సేథీ 2009లో మొదలుపెట్టిన డిజైన్ ఫర్ ఛేంజ్ కార్యక్రమం ఈ వయసు పిల్లల శక్తి మీదే నిలబడింది. కష్టాన్ని గుర్తించడం, పరిష్కారం ఊహించడం, చేయడం, చేసినది నలుగురితో పంచుకోవడం అన్న నాలుగు మెట్లు అందులో ఉన్నాయి. మీరు పేరు నమోదు చేసుకున్నా, చేసుకోకపోయినా ఆ క్రమం మీ బాలసభకు పనికివస్తుంది.

బహుమతుల విషయంలో చాలామంది తోటి ఉపాధ్యాయులతో నాకు భేదాభిప్రాయం ఉంది. సేవ చేసిన పిల్లలకు పెన్నులు, చాక్లెట్లు, సర్టిఫికెట్లు ఇస్తే ఉత్సాహం పెరుగుతుందని వారంటారు. ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టోమసెల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు విరుద్ధంగా చెబుతోంది. ఇరవై నెలల పసిపిల్లలు, కింద పడిన వస్తువును అందించినందుకు ప్రతిసారీ ఆట వస్తువు బహుమతిగా పొందినప్పుడు, ఆ తరువాత సాయం చేయడం తగ్గించారు. బహుమతి లేనివారు, మెచ్చుకోలు మాత్రమే పొందినవారు అంతగా తగ్గించలేదు. బడి ఈడు పిల్లల్లోనూ నాకు కనబడింది అదే. బహుమతి ఆగిన రోజున పని ఆగుతుంది. ‘నువ్వు చాలా మంచి పిల్లవి’ అనే బదులు, జరిగినదాన్ని జరిగినట్లు చెప్పండి: ‘నువ్వు నిన్న మూకుడు నింపావు, పొద్దున రెండు పిచ్చుకలు వచ్చి తాగాయి.’ పిల్లకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఉండదు.

నీతి బోధ కూడా తగ్గించుకోవచ్చు. దాని బదులు ఒక మనిషి కథ చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది కాబట్టి, రోజూ ఆ పేరు మీదే అన్నం తినే పిల్లలకు కోనసీమలోని లంకల గన్నవరంలో ఆమె వేళ కాని వేళ వచ్చినవారికీ వండి పెట్టిన సంగతి తెలియాలి. పెద్ద తరగతికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి బాల్యం చెప్పవచ్చు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, తన ఊరి దేవదాసీలూ ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని సుమారు పన్నెండేళ్ళ వయసులో ఆమె పట్టుబట్టింది. నిర్వాహకులు అయిదు వేల రూపాయల నిధి ఇస్తేనే కుదురుతుందంటే, ఆ స్త్రీలే కలిసి దాన్ని సమకూర్చారు. ఈ కథలో పిల్లలు గమనించవలసినది అయిదు వేలను కాదు. ఊరిలో అందరూ చూసీ చూడనట్లు వదిలేసిన స్త్రీలను ఒక చిన్న పిల్ల చూసింది, డబ్బు ఆ తరువాత వచ్చింది.

వరదలూ తుపానుల వంటి దూరపు ఆపదల్లో చివరికి డబ్బే అవసరమయ్యే సందర్భాలు ఉంటాయి. అప్పుడు కూడా పిల్లలను ఊరి మీదికి వసూళ్ళకు పంపకండి, ముఖ్యంగా రోడ్ల మీదికి. మూత ఉన్న డబ్బా ఒకటి, అందులో ఎవరేం వేశారో, అసలు వేశారో లేదో ఎవరికీ తెలియని ఏర్పాటు ఒకటి చాలు. ఇద్దరు ఉపాధ్యాయులు, కమిటీ సభ్యులు ఒకరు పిల్లల ఎదుటే లెక్కపెట్టి మొత్తం మాత్రమే బోర్డు మీద రాయాలి. పంపిన రశీదు పిల్లలకు చూపించాలి. వీలైతే డబ్బు కూడా వారి శ్రమతో వచ్చేలా చూడండి. బడిలో పోగైన పాత కాగితాలు అమ్మితే వచ్చిన నూట యాభై రూపాయలు, తండ్రులు ఇచ్చిన రెండు వేలకంటే పిల్లలకు విలువైనవి. టీవీలో శవాలు, కొట్టుకుపోయే ఇళ్ళు మాటిమాటికీ చూపించి జాలి పుట్టించకండి, చిన్న తరగతుల వారికి రాత్రుళ్ళు నిద్ర పట్టదు.

తీసుకునేవారి గౌరవం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అనాథాశ్రమానికి పిల్లలను తీసుకువెళ్ళి అరటిపళ్ళు పంచి ఫోటోలు దిగి రావడాన్ని నేను ప్రోత్సహించను. మనకు అది ఒక మధ్యాహ్నం, అక్కడి పిల్లలకు వారం వారం జరిగే తతంగం. 2015 బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడేలా వారి ఫోటోలు, వివరాలు ప్రచురించడాన్ని నిషేధించింది కాబట్టి, వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫోటో విషయంలోనూ జాగ్రత్తగా ఉండండి. ఫోటో తప్పనిసరైతే కుట్టిన పుస్తకాలను తీయండి, అందుకునే చేతులను కాదు. సాయం అవసరమైన పిల్ల మీ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చునన్న సంగతి కూడా మరువవద్దు. ‘పాపం పేదవాళ్ళు’ అని మీరు అన్నప్పుడు ఆ మాట ఎవరికి తగులుతుందో ముందే ఆలోచించుకోండి.

తల్లిదండ్రులకు ముందుగా చెప్పడం అవసరం, అనుమతి లేకుండా పిల్లలను బడి దాటించకూడదు. ‘చదువు మానేసి ఈ పనులేమిటి’ అని ఒకరిద్దరు తప్పక అంటారు. వారిని వాదనతో ఒప్పించవలసిన పని లేదు, లెక్కలు వేసిన కాగితాలూ, పిల్లలు రాసిన వాక్యాలూ చూపిస్తే సరిపోతుంది.

2009లో ‘జాయ్ ఆఫ్ గివింగ్ వీక్’గా మొదలైన దానాల వారోత్సవం ఇప్పుడు ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు దేశమంతటా దాన్ ఉత్సవ్ పేరుతో జరుగుతోంది. మొదలుపెట్టడానికి అది మంచి సందర్భమే, కానీ వారంతో ముగిసే పని ఎంచుకోవద్దు. ఒక పాత రిజిస్టరులో ఏం చేశారో, ఎవరిని అడిగారో, ఏది కుదరలేదో పిల్లల చేతనే రాయించి, ఏప్రిల్‌లో అయిదో తరగతి బడి విడిచి వెళ్ళేటప్పుడు దాన్ని నాలుగో తరగతికి అప్పగించండి. ముందు ఈ శనివారం ఆ ఒక్క ప్రశ్న అడిగి, మీ పిల్లలు చెప్పినవన్నీ ఏదీ వదలకుండా ఇక్కడ రాయండి. వాటిలో ఏది వారి చేతికి అందే పనో, ఏది కమిటీ ముందు పెట్టవలసిందో కలిసి చూద్దాం.